బీరమ్మ ఇంగ్లీషు చదువు

ముడిమ్యాలకు వచ్చి బీరమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. మార్తమ్మ అంటే చర్చి వాళ్ళు చెప్తారు. సారోళ్ళమ్మ అంటే ఊరంతా చెప్తుంది. ఆధార్ కార్డులో ఆమె మార్తమ్మ, రేషన్ కార్డులో మార్తమ్మ, మహిళా సంఘంలో మార్తమ్మ. ఆమెను బీరమ్మా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే మిగిలారు. ఆయన ఆమె భర్త, మా గిద్యోను సారు. కిందటేడు వానాకాలంలో ఆయనకు మాట పడిపోయింది.

నా పేరు ఎస్తేర్. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్తాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా గిద్యోను సారు పెట్టిన భిక్షే. ఆయన చేవెళ్ళ బడిలో ఇంగ్లీషు సారుగా పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రాలు ముడిమ్యాలలో వాళ్ళింటి అరుగు మీద మా అందరికీ ట్యూషన్ చెప్పేవారు. మా ఇల్లు వాళ్ళకు నాలుగిళ్ళ అవతల. ఇక్కడ ఆమెను బీరమ్మ అని రాస్తున్నాను గానీ, ఎదురుగా ఎప్పుడూ అమ్మా అనే అన్నాను.

పేరు సంగతి ముందు చెప్పాలి. బీరమ్మ పక్క ఊళ్ళో గొర్రెలు కాసే కురుమల బిడ్డ. వాళ్ళ కులదేవుడు బీరప్ప పండుగ నాడు పుట్టిందని తండ్రి ఆ పేరు పెట్టాడు. పుస్తకం పట్టలేదు, గొర్రెల వెంట తిరిగింది. గిద్యోను సారు కొత్తగా ఉద్యోగంలో చేరి సైకిలు మీద చేవెళ్ళ పోయి వచ్చే రోజుల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఎట్లా అని అడిగితే ఇద్దరూ ఒక్కలాగా చెప్పేవారు కాదు. గొర్రెలు వచ్చి నా సైకిలుకు అడ్డం పడ్డాయని ఆయన, సైకిలే వచ్చి నా గొర్రెల్లో పడ్డదని ఆమె. మేం పిల్లలం ఆ తగాదా కోసమే మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళం.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ ఆ పెళ్ళికి ఆమె ఇచ్చుకున్నది తక్కువ కాదు. క్రైస్తవుల ఇంటికి, అదీ ఊరి చివరి వాడలో ఇంటికి కోడలుగా పోయిందని పుట్టింటి వాళ్ళు మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. తల్లి పోతే ఎవరో కల్లు దుకాణం దగ్గర అనుకుంటుంటే విని తెలుసుకుంది. పెళ్ళికి ముందు బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టరుగారు మార్తమ్మ అని పేరు పెట్టారు. అత్తగారికి ఆ పేరే నచ్చింది. ఊరికీ అదే అలవాటైంది. బీరమ్మ అనే పిల్ల ఒకతి ఉండేదన్న సంగతి సారుకు తప్ప అందరికీ మరుపున పడింది.

సారు మాత్రం ఆ పేరు వదల్లేదు. బడి నుంచి వచ్చి బండి స్టాండు వేస్తూనే "బీరమ్మా" అని కేకేసేవారు. ఆ కేకలో గొప్పేమీ లేదు. మంచినీళ్ళ కోసమో, కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానని అడగడానికో. అంత మామూలు పిలుపు పోతే మనిషికి ఇంత లోటు ఉంటుందని నేను అనుకోలేదు.

పక్షవాతం వచ్చాక పట్నంలో పెద్ద దవాఖానలో ఉంచి, ఇంటికి తెచ్చారు. కుడికాలు కొంచెం కొంచెంగా కదిలింది. కర్ర పట్టుకుని నడవగలిగారు. కుడిచెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. మాట మాత్రం అసలు రాలేదు. మనం అన్నది ప్రతి ముక్కా అర్థమయ్యేది. బదులు చెప్పాలని నోరు తెరిస్తే ఆ, ఊ తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

చూడ్డానికి వచ్చే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. అరటిపండ్లు మంచం మీద పెట్టి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "సారూ, నేనెవరో గుర్తుపట్టినవా?" అని అరిచేవారు. పోయింది మాట గానీ చెవులు కావు కదా! జీవితమంతా వీళ్ళ స్పెల్లింగులు దిద్దిన మనిషి కళ్ళు దించుకుని కూర్చునేవారు. బీరమ్మ అందరికీ చాయ్ పోసి, "గట్టిగ ఒర్లకుండ్రి, సారుకు వినపడతది" అని మెల్లగా చెప్పేది. వాళ్ళు పోయాక ఆ అరటిపండ్లు వీధిలో పిల్లలకు పంచేది.

వాళ్ళ బిడ్డ జెన్నీ జహీరాబాద్‌లో కాపురం. నెలకోసారి వచ్చి పోయేది. "నాయినను తీస్కొని మా ఇంటికి రా అమ్మా" అంటే బీరమ్మ ఒప్పుకోలేదు. "ఈ అర్ర, ఈ అరుగు చూస్తే ఏమన్న యాదికొచ్చి మాట్లాడుతడేమో. కొత్త జాగల ఏం మాట్లాడుతడు?" అంది.

మొదటి ఆశ చర్చిలో పుట్టింది. మా చర్చిలో కీర్తన చదివేటప్పుడు పాస్టరుగారు ఒక చరణం చదివితే, తర్వాతి చరణం సంఘమంతా కలిసి చదవాలి. మా తాతల నాటి నుంచీ అదే పద్ధతి. చదువు రాని ముసలమ్మలు కూడా విని విని సంఘం వంతు తప్పులేకుండా చెప్తారు. సారు కర్ర మీద నడవగలిగాక ఒక ఆదివారం బీరమ్మ ఆయన్ను తీసుకొచ్చింది. పాస్టరుగారు తన చరణం చదివారు. మేం మా చరణం మొదలుపెట్టాం. మగవాళ్ళ వైపు నుంచి సారు గొంతు వచ్చింది. ఒక్క పొల్లు పోకుండా చరణం మొత్తం వచ్చింది.

ఆడవాళ్ళు ఏడ్చారు. పాస్టరుగారు పుస్తకం మూసి ప్రార్థన చేశారు. బయటికి వచ్చాక అందరూ సారు చుట్టూ మూగి, మాట్లాడమని ఒకటే గోల. సారు నోరు తెరిచారు. మళ్ళీ ఆ, ఊ. పాపం, ఆయనకు ఎంత సిగ్గనిపించిందో, ముఖం ఎర్రబడిపోయింది. బీరమ్మ గుంపును పక్కకు నెట్టి ఆయన చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది. వెనక నుంచి ఎవరు పిలిచినా తిరిగి చూడలేదు.

ఆ వారమే నేను వాళ్ళిద్దరినీ మొయినాబాద్‌లో ఒక దవాఖానకు తీసుకెళ్ళాను. అక్కడ మాటలు నేర్పే డాక్టరమ్మ ఉంది, పేరు అన్విత. మోకిలలో ఉంటుంది, వాళ్ళ తల్లిదండ్రులది గుంటూరు వైపు. చిన్న వయసే గానీ ఓపిక ఎక్కువ. చర్చి సంగతి చెప్తే శ్రద్ధగా వింది. తన దగ్గరున్న బొమ్మలు చూపించింది, ఏవేవో చేయించింది. చివరికి బీరమ్మ వైపు తిరిగి చెప్పింది.

"మాట పూర్తిగా పోలేదమ్మా. ఎవరైనా ముందు ముక్క అంటే, వెనకాల వచ్చే ముక్క అలవాటు కొద్దీ ఆయన నోటికి వచ్చేస్తోంది. తనంతట తను మొదలుపెట్టడమే రావట్లేదు. ఏళ్ళ తరబడి నోట్లో నానినవి ఇంకేమున్నాయో చూడండి. వాటితో రోజూ మాట్లాడించండి. నాలుక ఊరికే ఉండకూడదు."

బీరమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అడిగింది. "నా పేరు వస్తదా అమ్మా?"

అన్విత చేతిలో బొమ్మలు పక్కన పెట్టింది. "అబద్ధం చెప్పను. పేర్లు చాలా కష్టం. వస్తే సంతోషమే, రాకపోతే మాత్రం మీరు ఆయన మీద అలగకూడదు."

"అలిగెటందుకు నేనేమన్న కొత్త పెండ్లి పిల్లనా" అంది బీరమ్మ. బస్సెక్కాక మాత్రం చేవెళ్ళ వచ్చే దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఏళ్ళ తరబడి నానినవి ఏమిటని వెతుక్కుంటే ఆమెకు ట్యూషన్ యాదికొచ్చింది. సారు ట్యూషన్‌లో ఒక పద్ధతి ఉండేది, అది ఆయన చర్చి నుంచే తెచ్చుకున్నారు. ఇంగ్లీషులో ఒకటికి ఒక మాట, ఎక్కువైతే ఇంకో మాట ఉంటుంది కదా. చాలా వాటికి చివర ఎస్ తగిలిస్తే సరిపోతుంది. కొన్ని ఉన్నాయి, అవి ఏ పద్ధతికీ లొంగవు. వాటిని సారు "మాట వినని మాటలు" అనేవారు. అవి రావాలంటే నోటికి పట్టాల్సిందే తప్ప వేరే దారి లేదు. అందుకని అరుగు మీద మగపిల్లలను ఒక వైపు, ఆడపిల్లలను ఒక వైపు కూర్చోబెట్టేవారు. మగపిల్లలు "మ్యాన్" అంటే మేం "మెన్" అనాలి. వాళ్ళు "గూస్" అంటే మేం "గీస్". మా గొంతులు సన్నగా ఉండేవని సారు ఎప్పుడూ మా వైపు కలిసి అరిచేవారు. అట్లా కొన్ని వందల మంది పిల్లలు ఆ అరుగు మీద అరిచి వెళ్ళారు.

అదంతా బీరమ్మ లోపల వంటింట్లోంచి వినేది. చేవెళ్ళ మార్కెట్‌కు వేసే కొత్తిమీర కట్టలు కట్టుకుంటూ, ఆ గోల వింటూ ఉండేది. విన్నది ఆమె నోట్లోనూ మిగిలింది. దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు సారు ముందు కూర్చుని, "టీత్" అంది. సారు ఆమె ముఖం వంక చూశారు. ఏమీ రాలేదు. "గీస్" అంది. "చిల్డ్రన్" అంది. సారు పెదవులు వణికాయి. ఎడంచేత్తో మంచం పట్టె మీద గట్టిగా కొట్టి గోడ వైపు తిరిగిపోయారు.

ఆదివారం నేను వెళ్ళేసరికి ఆమె అరుగు మీద ఒక్కతే ఉంది. "నాకు తెల్వని చదువు నాకెందుకు బిడ్డా. ఆయనను ఇంకింత గోస పెట్టిన" అంది. ఏం అన్నావో అనమని అడిగాను. అంది. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే విషయం తట్టింది.

"అమ్మా, నువ్వనేది మా ఆడపిల్లల మాట. గది సారు మాటనే. సారు నోట్ల ఉన్న మాట నువ్వే అంటే సారు ఏమంటడు? నువ్వు మగపిల్లల మాట అనాలె."

"మరి నాకు గా పోరగాండ్ల మాట ఎన్నడు సక్కగ వినపడలే. సారు గొంతే ఇంట్లకు వచ్చేది" అంది బీరమ్మ. అవును మరి, పెద్ద గొంతు ఏ వైపు ఉంటే ఆ సగమే వంటింటి దాకా చేరింది. ఇన్నేళ్ళూ ఆమె విన్నది భర్త గొంతునే.

నేను లోపలికి పోయి సారు మంచం పక్కన నిలబడ్డాను. బడిలో నిలబడ్డట్టే చేతులు కట్టుకున్నాను. "టూత్" అన్నాను.

గోడ వైపున్న తల తిరిగింది. "టీత్" అన్నారు సారు.

"ఫుట్."

"ఫీట్."

గొంతు కొంచెం బొంగురు పోయింది గానీ, అది మా సారు గొంతే. గుమ్మం దగ్గర బీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకునేదేముంది.

అట్లా బీరమ్మ చదువు మొదలైంది. ఆమెకు అక్షరాలు రావు, కాబట్టి రాసివ్వడం కుదరదు. నేను వెళ్ళినప్పుడల్లా ఇద్దరం కొత్తిమీర కట్టలు కడుతూ నోటితోనే చెప్పుకునేవాళ్ళం. సగం ఆమెకు వచ్చు, మిగతా సగమే నేర్చుకోవాలి. బడిలో నా పిల్లలు ముందు మాట నేర్చుకుని వెనక మాట దగ్గర తడబడతారు. బీరమ్మ వెనక మాట నుంచి ముందు మాటకు నడిచింది. ప్రతిదానికీ అర్థం కూడా కావాలి ఆమెకు. అర్థం తెలియకుండా అనడం చిలకల పని అనేది.

షీప్ దగ్గర పెద్ద తగాదా అయింది. ఆమె షీప్ అంది, సారు షీప్ అన్నారు. ఆమె మళ్ళీ అంది, ఆయన మళ్ళీ అదే అన్నారు. సారుకు అలుపొచ్చి ఆమె మాటే తిరిగి అంటున్నారనుకుని భయపడి నాకు ఫోన్ చేసింది.

"అది అంతేనమ్మా. ఒక్క గొర్రె ఉన్నా షీపే, మంద ఉన్నా షీపే" అన్నాను.

"గిదేం లెక్క? ఒక్క గొర్రె తప్పిపోతే మా బాపు అన్నం ముట్టకపోతుండె. ఒక్కదానికీ మందకూ తేడా లేదా ఇంగ్లీషోళ్ళకు? వాళ్ళు ఎన్నడన్న గొర్లు కాసిండ్రా?"

నా క్లాసులో ఎవరూ ఇట్లాంటివి అడగరు. ఫోన్‌లో వెనక నుంచి సారు నవ్వు వినిపించింది. ఆయన నవ్వడం పక్షవాతం వచ్చాక అదే మొదలు.

కొన్నాళ్ళకు ఆ మాటలు ఆ ఇంటి మాటలయ్యాయి. కాళ్ళు కడగడానికి నీళ్ళు తెచ్చి ఆమె "ఫుట్" అనేది. ఆయన "ఫీట్" అని రెండు కాళ్ళూ చాపేవారు. పొద్దున వేపపుల్ల బదులు బ్రష్షు చేతికిచ్చి "టూత్" అనేది. కూరగాయలు తరిగేటప్పుడు "నైఫ్" అంటే వరండాలోంచి "నైవ్స్" అని వచ్చేది. కొత్తిమీర విడదీస్తూ "లీఫ్" అంటే "లీవ్స్". వింటే అందరికీ పిచ్చివాళ్ళ కాపురంలా అనిపించేది. కానీ నెలల తరబడి మూగపోయిన ఇంట్లో మనిషికి మనిషి బదులివ్వడం మొదలైంది, అది చిన్న సంగతేమీ కాదు. అన్విత కూడా మెచ్చుకుంది. ఆమె ఇచ్చిన వేరే అభ్యాసాలు కూడా బీరమ్మ ఒక్కటీ వదలకుండా చేయించేది.

ఒకరోజు నా ముందే, ఎగతాళికి, "వైఫ్" అంది.

"వైవ్స్" అన్నారు సారు.

బీరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇంతమంది ఏడ ఉన్నరయ్యా? ఉన్న ఒక్కదాన్ని పిలుస్తలేవు గని."

నవ్వుతూనే అంది. కానీ చివరి మాట అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సారు ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఆయన ఆమె పేరు పలకాలని ప్రయత్నం చేశారు. పెదవులు రెండూ దగ్గరికి వచ్చాయి, మెడ నరాలు ఉబ్బాయి, నుదురంతా చెమట పట్టింది. రాలేదు. బీరమ్మ దగ్గరికి పోయి ఆయన నోటి మీద తన అరచెయ్యి పెట్టింది.

"వద్దు. తియ్యి. నేనేదో పాడు నోటితోటి అన్న."

తర్వాత బయటికి వచ్చి నాతో చెప్పింది. "మార్తమ్మ అని నేనంటే బీరమ్మ అని వస్తదేమో అని చాటుంగ అడిగి చూసిన బిడ్డా. రాలే. మా అవ్వ పాయె, బాపు పాయె. అన్నదమ్ములు కనపడ్డా మొకం తిప్పుకుంటరు. సారు అనకపోతే ఇగ నేను లేనట్టే. మార్తమ్మ ఉంటది, నేనుండ."

నేను పిలవనా అని అడుగుదామని నోటి దాకా వచ్చింది. కానీ ఆమెకు కావలసింది నా నోటి నుంచి కాదని తెలుసు.

ఎండాకాలంలో నతానియేలు పెళ్ళయింది. అతను మా ట్యూషన్‌లో మగపిల్లల వైపు అందరికంటే గట్టిగా అరిచినవాడు, ఇప్పుడు శంకర్‌పల్లిలో కరెంటు పని చేస్తున్నాడు. సారును స్వయంగా బండి మీద తీసుకొచ్చి చర్చిలో ముందు వరుసలో కూర్చోబెట్టాడు. బీరమ్మ, నేను ఆడవాళ్ళ వైపు రెండో వరుసలో ఉన్నాం.

మా చర్చిలో పెళ్ళి ప్రమాణాలు పాస్టరుగారు ముక్కలు ముక్కలుగా చదివితే, వరుడు వెనక అనాలి. ఆ మాటలు మారవు, పేర్లే మారతాయి. పాస్టరుగారు "నతానియేలు అను నేను" అని అందించారు. నతానియేలు "నతానియేలు అను నేను" అన్నాడు. తర్వాత వధువు పేరు చదివి, "అను నిన్ను నా భార్యగా స్వీకరించుచున్నాను" అని అందించాలి. పాస్టరుగారి కళ్ళద్దాలు చెమటకు జారాయి. వాటిని సర్దుకోవడానికి ఆయన ఒక్క క్షణం ఆగారు.

ఆ ఖాళీలో సారు గొంతు వినిపించింది.

"బీరమ్మ అను నిన్ను."

పిల్లలు కిసుక్కున నవ్వారు. పెళ్ళికూతురు తెల్లబోయి తల ఎత్తింది, ఆ పేరు ఆమెది కాదు కదా. మా ముందు వరుసలో ఒక ముసలమ్మ పక్కామెను మోచేత్తో పొడిచి, "బీరమ్మ ఎవలే?" అని అడిగింది. పక్కామె తెలియదన్నట్టు తల ఊపింది. సారు కేక విన్న మా ట్యూషన్ పిల్లలకు తప్ప ఆ చర్చిలో ఎవరికీ తెలియదు. నేను బీరమ్మ చెయ్యి పట్టుకున్నాను. పాస్టరుగారు సారు వైపు ఒకసారి చూసి, పెళ్ళికూతురు పేరు చదివారు. పెళ్ళి సాగిపోయింది.

భోజనాల దగ్గర బీరమ్మ ముద్ద ముట్టలేదు. చర్చి వెనక నల్లా దగ్గర ముఖం కడుక్కుంటుంటే నేను వెళ్ళాను. అప్పుడు చెప్పింది.

"మా పెండ్లి నాడు పాస్టరుగారు మార్తమ్మ అను నిన్ను అని అందిచ్చిండు. ఈయన బీరమ్మ అను నిన్ను అన్నడు. పాస్టరుగారు కోపంగ మళ్ళ అందిచ్చిండు. ఈయన మళ్ళ గట్లనే అన్నడు. నేను చేస్కునేది బీరమ్మను, దేవుని ముంగట వేరే పేరు ఎట్ల చెప్తనయ్యగారూ అన్నడు. ఇగ ఆ అయ్యగారు ఊకున్నడు. అది యాడికి పోలే బిడ్డా. ఆయన లోపల్నే ఉన్నది."

ముగ్గురం ఇంటికి వచ్చాం. సారును అరుగు మీద మంచంలో కూర్చోబెట్టి, బీరమ్మ ఆయన పక్కన మంచం పట్టె మీద కూర్చుంది. ఆ మాట మళ్ళీ రావాలంటే ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు. ముందు సగం ఎవరో ఒకరు అనాలి.

"నేనంటనమ్మా" అన్నాను.

"వద్దు. నువ్వంటే నీకు పలికినట్టయితది" అంది.

అని అట్లాగే కూర్చుంది. ఎందుకు ఆలస్యం చేస్తుందో నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ముందు సగంలో ఆయన పేరుంది. బీరమ్మ పెళ్ళయిన నాటి నుంచి భర్త పేరు ఎత్తి ఎరగదు. మా వైపు ఆ కాలం ఆడవాళ్ళు ఎత్తరు, చర్చికి పోయినా ఎత్తరు. సారు అంటుంది, జెన్నీ నాయిన అంటుంది. పట్నం దవాఖానలో పేషెంటు పేరు చెప్పమంటే ఆయన ఆధార్ కార్డు చూపించింది.

"నా వంతు వచ్చినప్పుడు పేరు మింగేసి, అను నిన్ను అని మాత్రం అన్న" అని నాతో చెప్పి కొంచెం నవ్వింది. "గది విని మా సారు ఎంత నవ్విండో అప్పుడు."

ముందు పేరు లేకుండానే ప్రయత్నించింది. "అను నేను" అంది. సారు ఆమెనే చూస్తున్నారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. కొత్త కోడలిలా కళ్ళు దించుకుంది. ఆ వయసులో ఆమెకు అంత సిగ్గు, అంత భయం ఉంటాయని నేను అనుకోలేదు. నేను లేచి లోపలికి పోదామనుకున్నాను గానీ అక్కడే ఉండిపోయాను.

"గిద్యోను" అంది బీరమ్మ. ఆగింది. గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "గిద్యోను అను నేను."

సారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బీరమ్మ" అన్నారు. అక్కడే ఆగిపోయారు. మిగతా మాట కోసం వెతకలేదు.

"ఆఁ, వస్తున్న" అంది బీరమ్మ, ఆయన పక్కనే కూర్చుని.